గుండ్రాలమ్మ పట్టుకున్న నోరు

కన్నవాళ్ళు పెట్టిన పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె గుండ్రాలమ్మే. పడవలు దింపిన చేపల్ని రకాల వారీగా, సైజుల వారీగా వేరుచేసే పెద్ద రేకుల షెడ్డులో, నాలుగో నంబరు బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్న మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడకు కట్టిన ప్లాస్టిక్ ఆప్రాను, చెవి సందున ఒక పెన్సిలు. బూట్లూ ఆప్రానూ అందరికీ ఉన్నవే. పెన్సిలు మాత్రం ఆమెకే ఉండేది.

ఆ పెన్సిలు పన్నెండేళ్ళ కిందట వచ్చి చేరింది. ఒకరోజు ఆమె బల్ల మీద బారెడు చేప ఒకటి పడింది. రొమ్ము రెక్క వెనకాల, పొట్ట వైపు, ఒక గాయం. గీత గీసినట్టు గుండ్రంగా ఉంది. అంచు చుట్టూ సూదిమొన దిగినట్టు చుక్కలు, వాటి లోపల ఇంకో వరస, దాని లోపల మరో వరస. నట్టనడుమ కండ దాకా చిన్న బెజ్జం.

"ఇదేంటే?" అని పక్క బల్ల ఆమెను అడిగింది.

"వలలో రాచుకుని ఉంటుంది వదినా. నీకెందుకు, అవతల పెట్టె నిండిపోతోంది."

పడవ నడిపే తండేలునడిగితే, "చేప పైకి లాగేటప్పుడు కప్పీ తగిలుంటుంది" అని చేతులు దులుపుకున్నాడు.

కప్పీకి పళ్ళెక్కడివి? ఆమె మనసు ఒప్పుకోలేదు. ప్యాకింగు గదిలోంచి పల్చటి నూనెకాగితం ముక్క తెచ్చి, గాయం మీద పరిచి, చుక్కకు చుక్క పెన్సిలుతో దించేసింది. ఏ చేప, ఒంటి మీద ఎక్కడ, ఏ తేదీ, అన్నీ కింద రాసుకుని ఇంటికి పట్టుకుపోయింది. వారం తిరక్కుండా ఇంకొకటి దొరికింది. ఆ తర్వాత ఆ గుండ్రాలు కనిపించినప్పుడల్లా కాగితం తీయడం అలవాటైపోయింది.

ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో భర్త వలలు బాగుచేసేవాడు. వెనక గది సగం వంటకి, సగం అత్తగారి మంచానికి. ఆ మంచం కింద ఒక పాత సూట్‌కేసు, దాని నిండా కాగితాలు. "కోడలికి ఈ వయసులో సున్నాలు దిద్దాలని బుద్ధి పుట్టింది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. కానీ వానకి ఇల్లు కారినరోజున ఆవిడ ముందుగా పైకి లాగింది మాత్రం ఆ సూట్‌కేసునే. పరుపు తడిసిపోయింది. కాగితాలు తడవలేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆమె ఆ కాగితాలన్నీ నేల మీద తేదీల వరసన పరిచింది. ఊరికే, చూద్దామని. పరుస్తూ పరుస్తూ ఆగిపోయింది. చలికాలం చివర్లో దించినవన్నీ చొక్కా గుండీ అంత. ఎండలు ముదిరేసరికి బొటనవేలి గోరు దాటాయి. మళ్ళీ చలి మొదలయ్యే నాటికి పసిపిల్ల గాజంత! ఏ ఏడాది చూసినా అదే వరస.

"ఏవండీ, లేవండి, లేవండి! ఇది పెరుగుతోంది!"

కునుకు తీస్తున్న భర్త ఉలిక్కిపడి లేచాడు. "ఏది పెరుగుతోంది?"

"నోరు!"

"మా అమ్మకి కొడుకునై పుట్టాను. నోరు పెరగడం నాకు కొత్తా?"

"నాకు వినబడుతోందిరా" అంది లోపలి నుంచి అత్తగారు.

నవ్వులాటకి నవ్వులాటే గానీ ఆయన కూడా వంగి చూశాడు. చూశాక నవ్వలేదు. "అంటే ఒక జంతువు వచ్చి పట్టుకుని, తిని, పెరిగి, మళ్ళీ పట్టుకుంటోందంటావా?" అన్నాడు మెల్లగా. ఆమె తల ఊపింది. చలి తగ్గగానే పెద్ద గుండ్రాలు ఒక్కసారిగా ఎందుకు మాయమైపోతున్నాయో మాత్రం ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుపట్టలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. అసలు చిక్కు పన్నెండో ఏడు వచ్చింది. గుండ్రాలున్న చేపలు ఎక్కువయ్యాయి, కొనేవాళ్ళు మూతి ముడిచారు. రేవుకి కొత్తగా వచ్చిన చేపల ఇన్‌స్పెక్టరు రెండు చేపల్ని అటూ ఇటూ తిప్పి చూసి, చర్మరోగమని తేల్చేశాడు. మచ్చ ఉన్న ప్రతి చేపనూ చెత్త తొట్టిలో పారేయమన్నాడు. పడవలవాళ్ళు లబోదిబోమన్నారు. మూడు రోజుల కష్టం తొట్టిపాలవుతుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

గుండ్రాలమ్మ ఎన్నడూ ఆఫీసర్లతో మాట్లాడి ఎరగదు. ఆరోజు మాట ఆగలేదు.

"రోగం కాదు సార్. ఇది కాటు."

"నీకెలా తెలుసమ్మా?"

"రోగానికి పళ్ళుండవు కదండీ!"

షెడ్డంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. అయినా మనిషి మరీ మొండివాడు కాడు. "సరే, కరిచినదాన్ని చూపించు. చూపించేదాకా నా మాటే మాట" అని వెళ్ళిపోయాడు.

ఎక్కడని చూపిస్తుంది? పన్నెండేళ్ళలో కాటే తప్ప కరిచింది ఆమెకు ఒక్కసారీ కనబడలేదు. దూరం నుంచి మంచులో పెట్టి తెచ్చే చేపల మీద అది ఎప్పుడో వదిలేసి పోయి ఉంటుంది. ఆమె భర్త రెండు రోజులు చిన్న పడవలవాళ్ళ వెంట తిరిగాడు. "చేపకి ఏదైనా అంటుకుని వస్తే పీకి పారేయకండి బాబూ, అలాగే తెచ్చేయండి" అని పేరుపేరునా చెప్పి వచ్చాడు.

మూడో రోజు పొద్దున పది గంటలకు, దగ్గర్లోనే వేటాడి వచ్చిన చిన్న పడవ లోంచి ఒక కేక. "గుండ్రాలమ్మా! పరిగెత్తు! నీ దయ్యం దొరికింది!"

బూట్లతో పరుగెలా పెట్టిందో ఆమెకే తెలియదు. పడవలో పెద్ద చేప ఇంకా కొట్టుకుంటోంది. దాని పక్కకి అంటుకుని, మూరెడు పొడవున, మచ్చల మచ్చల పాములాంటిది వేలాడుతోంది. పడవవాడు తోక పట్టుకుని గుంజితే చేప కూడా కదిలి వచ్చింది. ఉడుంపట్టు!

"లాగొద్దు! లాగొద్దు! తొట్టె, నీళ్ళు, సముద్రం నీళ్ళే!"

నలుగురు నాలుగు వైపుల నుంచి బకెట్లతో నీళ్ళు పోశారు. చేపతో సహా తొట్టెలో దించారు. చేప కాసేపటికి ప్రాణం విడిచింది. అది విడిచిన కాసేపటికి ఆ పాములాంటిది తనంతట తనే పట్టు వదిలి, తొట్టెలో ఒక చుట్టు తిరిగి, అద్దంలాంటి ప్లాస్టిక్ గోడకి టప్పున అతుక్కుంది. బయటి నుంచి నోరు మొత్తం కనబడింది. దవడల్లేవు. గుండ్రటి గిన్నెలాంటి నోరు, లోపల వరస మీద వరసగా పసుప్పచ్చ ముళ్ళపళ్ళు, మధ్యలో పళ్ళున్న నాలుక, ఆకురాయిలా ముందుకీ వెనక్కీ.

ఆమె ఆప్రాను జేబులోంచి, ముందురోజు గుండ్రం దించుకున్న నూనెకాగితం తీసింది. గోడకి ఇవతల కాగితం ఆనించింది. చుక్కకి చుక్క సరిపోయింది.

"అదే! అదే! అదే!" అని ఆమె అరిచింది.

ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చి తొట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూసి, "మరి నోరు అంటించేసుకుంటే ఊపిరెలా తీసుకుంటుందమ్మా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మెడ దగ్గర చూడండి. బెజ్జాలు. ఇటు ఏడు, అటు ఏడు. నీళ్ళు వాటిలోంచే లోపలికి పోయి వాటిలోంచే బయటికొస్తున్నాయి."

చేపల్ని పారేయొద్దని అక్కడికక్కడే చెప్పేశాడు ఆయన. పరిశోధన ఆఫీసుకి ఫోను చేసింది కూడా ఆయనే.

మర్నాడు జీపులో ఒక మేడమ్ దిగింది. తొట్టెలో ఉన్నదాన్ని చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "దీన్ని లాంప్రే అంటారు. పాము కాదు, జలగా కాదు. దవడ లేని చేప, మహా పాత జాతి" అంది. నదిలో గుడ్డు పగులుతుందట. కళ్ళు సరిగా లేని పిల్లగా ఏళ్ళ తరబడి బురదలో నలుసులు తింటూ బతుకుతుందట. తర్వాత కళ్ళు వస్తాయి, పళ్ళ నోరు వస్తుంది, సముద్రం దారి పడుతుంది. అక్కడ పెద్ద చేపల్ని పట్టుకుని నాలుకతో గీకి రక్తం తాగుతుంది. రక్తం గడ్డకట్టకుండా దాని నోట్లోనే ఒక రసం ఊరుతుంది.

"చలి తగ్గగానే పెద్దవి మాయమైపోతాయి మేడమ్. ఎక్కడికి పోతాయి?" గుండ్రాలమ్మ అడిగేసింది.

మేడమ్ తల తిప్పి ఆమెను తేరిపార చూసింది. "నదికి. మళ్ళీ ముద్ద ముట్టవు. రాళ్ళ మధ్య గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. కానీ మీకెలా తెలుసు? నదిలో ఉన్నంతకాలం మా కళ్ళ ముందుంటాయి. సముద్రంలో దిగాయా, జాడ దొరకదు. అక్కడ ఎలా బతుకుతాయో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ."

గుండ్రాలమ్మ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే సైకిలెక్కాడు.

సూట్‌కేసు వచ్చింది. మేడమ్ బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుని కాగితాలు తిప్పడం మొదలుపెట్టింది. మొదట్లో గబగబా తిప్పింది, తర్వాత ఒక్కొక్కటీ. టీ చల్లారిపోయింది. మూడు గంటలు గడిచాయి. వెయ్యీ నూటా ముప్ఫై కాగితాలు. ఏ నెలలో ఎంత నోరు, ఏ చేపని, ఒంటి మీద ఏ చోట. మధ్యలో బెజ్జం లేని గుండ్రాలు కూడా ఉన్నాయి. "ఇవి తినడానికి కాదనుకుంటా మేడమ్, ఊరికే పట్టుకుని సవారీ చేసుంటాయి" అంది గుండ్రాలమ్మ. మానిన మచ్చలు వేరే కట్ట. "ఇవి బతికి బయటపడ్డవి. చాలానే ఉన్నాయి."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అక్కా, సముద్రంలో వీటి జాడ తీయడానికి మీరు మాతో ఓడెక్కుతారా?"

విచిత్రం ఏమిటంటే, ఇరవై రెండేళ్ళుగా సముద్రం చేపల్ని తిరగేసిన ఆ మనిషి ఒక్కసారి కూడా సముద్రం మీదికి వెళ్ళలేదు. తీరా మాట వచ్చేసరికి ఇంట్లో వంటెవరు చేస్తారని సాకు వెతికింది. "నాకు వంటొచ్చు, నా కొడుక్కి తినడమొచ్చు. నువ్వు పోయిరా" అంది అత్తగారు. ఆ ఒక్క మాటతో బట్టలు సర్దుకుంది.

మొదటి రోజంతా వాంతులే. ఓడలో వంటాయన నిమ్మకాయ చేతికిచ్చి, "చేపలన్నీ కలిసి పగ తీర్చుకుంటున్నాయమ్మా" అని నవ్వాడు. రెండో రోజు మధ్యాహ్నానికి తేరుకుని, కమ్మీ పట్టుకుని నిలబడింది. అప్పుడు కనబడింది. ఓడ పక్కనే, నీటి పై అంచున, నావ అంత సొరచేప. నోరు బార్లా తెరుచుకుని, నలుసుల్లాంటి జీవాల్ని నీళ్ళతో సహా మింగుతూ నింపాదిగా పోతోంది. దాని వెనక రెక్క పక్కన ఏవో తాళ్ళలా ఊగుతున్నాయి.

"మేడమ్! ఒకటి, రెండు... మేడమ్, రండి! అయిదు! అయిదున్నాయి!"

ఓడలో వాళ్ళందరూ ఆ పక్కకే పరుగెత్తుకొచ్చారు. అయిదు లాంప్రేలు ఆ కొండలాంటి ఒంటిని కరుచుకుని, దానితో పాటే ఈదకుండా ఈదుతున్నాయి. సొర ఒక్కసారి తోక ఝాడించింది, సగం ఒళ్ళు నీళ్ళ మీదికి లేచి దభీమని పడింది. తుంపర్లు అందరి మొహాల మీదా పడ్డాయి. నీళ్ళు తేరుకున్నాక గుండ్రాలమ్మ మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగు! వదిలేసిన అయిదోది ఓడ పక్కగా మెలికలు తిరుగుతూ వస్తుంటే, ఓడవాడొకడు చేతివలతో ఎత్తాడు. దాని ఒంటికి గుర్తు కట్టేందుకు ఆమె పట్టుకుందో లేదో, ఆ నోరు వచ్చి ఆమె అరచేతికి చప్పున అంటుకుంది. అందరూ కెవ్వుమన్నారు. ఆమె మాత్రం పకపకా నవ్వింది. "గీకడం లేదండీ! మనుషుల రక్తం దీనికి పట్టదేమో, ఊరికే పట్టుకుంది! అబ్బ, ఎంత బలం!"

మళ్ళీ ఎక్కడైనా కనబడితే గుర్తుపట్టేలా మేడమ్ దాని వీపున రంగుదారం కట్టింది. గుండ్రాలమ్మ చేతిని నీళ్ళలో ముంచి, అది వదిలేదాకా అలాగే ఉంచింది.

ఆ ఏడాది మేడమ్ అచ్చువేయించిన నివేదికలో ఆ గుండ్రాలన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో గుండ్రాలమ్మ అసలు పేరుంది. అత్తగారు దాన్ని పక్కింటామె చేత రెండుసార్లు చదివించుకుంది. గుండ్రాలమ్మ ఇప్పటికీ నాలుగో నంబరు బల్ల దగ్గరే ఉంటుంది, ఏడాదికి రెండు ప్రయాణాలు మాత్రం ఓడలో. ఒక లాంప్రే ఒకే చేపని ఎన్నాళ్ళు పట్టుకుని ఉంటుందో ఇంకా ఎవరూ తేల్చలేదని మేడమ్ అన్న దగ్గర్నుంచి ఆమెకి నిలకడ లేదు. పోయిన వారమే ఒక తండేలు, రంగుదారం ఉన్నదాన్ని ఒక చేప ఒంటి మీద చూశానని కబురు పంపాడు. చేతిలో చేప బల్ల మీదే వదిలేసి, ఆప్రాను కూడా విప్పకుండా, ఆమె ఆ పడవ వైపు పరుగెత్తింది.