అల్లుడుగారి బరువు

ఆ ఫైర్ స్టేషన్‌లో అందరికంటే ఎక్కువ మర్యాద అందుకునేది ఇసుక నింపిన ఒక కాన్వాస్ బొమ్మ. నిలువెత్తు మనిషంత ఉంటుంది. మంటల్లోంచి మనిషిని మోసుకురావడం దానితోనే నేర్చుకుంటారు. చెయ్యి కదపడు, కాలు నేల మీద మోపడు, ఎప్పుడూ ఎవడో ఒకడు మొయ్యాల్సిందే కాబట్టి దానికి అల్లుడుగారని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది బండన్న.

బండన్న అక్కడ పదహారేళ్లుగా ఫైర్‌మన్. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. మెడ ఉందో లేదో తెలియని భుజాలు, ఏ చొక్కా చేతుల్లోనూ పట్టని జబ్బలు. పొద్దున లేస్తే ఇనుము ఎత్తాల్సిందే. పరుగు మాట ఎత్తితే మాత్రం, "పరుగెత్తడానికి నేనేమన్నా దొంగనా? మంట దగ్గరికి బండే తీసుకెళ్తుందిగా" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. అంత నవ్వే బదులు ఎవరైనా రెండు చీవాట్లు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక మధ్యాహ్నం అయిదంతస్తుల ఇంట్లో మంటలు లేచాయి. లిఫ్టు ఆగిపోయింది. బండన్న నాలుగో అంతస్తు ఎక్కి, పొగలో చిక్కుకున్న డ్రాయింగ్ మాస్టారిని భుజాన వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. కండలు బాగానే మోశాయి, ఊపిరే మధ్యలో చేతులెత్తేసింది. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. చెవి దగ్గర మాస్టారు సన్నగా అన్నారు: "దింపెయ్యి బాబూ. నువ్వెళ్లు."

దింపాడు. వెళ్లాడు. వేరేవాళ్లు పైకి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది.

రిపోర్టులో బండన్న ఇలా రాశాడు: 'దింపే సమయానికి ఆయనకు ఊపిరి లేదు.' ఊపిరి లేనిది ఆయనకు కాదు, తనకు. ఆ సంగతి తెలిసినవాడు బండన్న ఒక్కడే. పదిరోజుల తర్వాత మాస్టారి భార్య స్టేషన్‌కి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని, "నీ చేతనైనంత చేశావు నాయనా" అని వెళ్లింది.

ఆ వారమే ఆఫీసరు అతన్ని పిలిచారు. ఏడాది చివర పరీక్ష ఉంది. ముందు మూడు కిలోమీటర్ల పరుగు, వెంటనే స్టేషన్ వెనక శిక్షణ కోసం కట్టిన డ్రిల్ టవర్ నాలుగో అంతస్తు నుంచి అల్లుడుగారిని కిందికి దించాలి. మధ్యలో బొమ్మ నేలకు తగిలితే అంతే సంగతులు. తప్పినవాడు ఇక మంటల జోలికి పోకుండా ఫోన్ల గదిలో కూర్చోవాలి.

"వారంలో మూడు రోజులు ఇనుము, రెండు రోజులు పరుగు, ఒకరోజు బరువుతో మెట్లు, ఒకరోజు విశ్రాంతి" అన్నారు ఆఫీసరు. "ఒక్క పరుగే పెట్టుకుంటే ఎండుపుల్లవవుతావు. ఒక్క ఇనుమే అయితే ఆ రోజు ఎలా రొప్పుతూ వచ్చావో చూశావుగా. కొవ్వు పోవాలి, కండ ఉండాలి. నీ ఎత్తుకి డెబ్భై ఆరు కిలోలు సరిపోతుంది."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టమంటున్నారు సార్."

"మన ఉద్యోగమే అది. పెట్టు."

పెట్టాడు. తొలి నెల పరుగులో కుక్కలు కూడా అతన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసేవి. మూడో నెలకి బొజ్జ దిగింది. వింత మొదలైంది కూడా అప్పుడే.

సోమవారం సోమవారం బొమ్మను తూచి పుస్తకంలో రాయాలన్నది స్టేషన్ నియమం. కుట్లు ఊడి ఇసుక కారిపోతుందని భయం. తూకం యంత్రం చిన్నది, దాని మీద బొమ్మ నిలవదు. అందుకని ఎవరో ఒకరు ముందు తాము తూగి, తర్వాత బొమ్మను భుజాన వేసుకుని తూగి, తేడా రాస్తారు. ఆ పని బండన్నది. మొదట్లో అతను ఎనభై ఆరు, ఇద్దరూ కలిసి నూట యాభై ఆరు, అంటే అల్లుడుగారు డెబ్భై. మూడో నెలలో అతను ఎనభై మూడుకి దిగాడు. ఇద్దరూ కలిసి మాత్రం అదే నూట యాభై ఆరు.

"అల్లుడుగారు ఒళ్లు చేశారు సార్" అన్నాడు నవ్వుతూ. ఆఫీసరు తాను మోసి తూచారు. డెబ్భై. ఇంకొకరు తూచారు. డెబ్భై. బండన్న భుజానికెత్తుకుంటే డెబ్భై మూడు. యంత్రాన్ని తిట్టి, పుస్తకంలో డెబ్భై అనే రాశారు.

తర్వాతి వారం బండన్న పంతానికి పోయి పరుగు మానేశాడు, పీకల దాకా తిన్నాడు. రెండు కిలోలు పెరిగాడు. బొమ్మ రెండు కిలోలు తగ్గింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రం బీరువాలోంచి పాత రిపోర్టు తీసి, దానికి గుచ్చిన ఆసుపత్రి కాగితం చూశాడు. మాస్టారి బరువు ఎనభై కిలోలు. నూట యాభై ఆరులోంచి ఎనభై తీసేస్తే ఎంతో వేళ్లు మడవకుండానే తెలిసింది. ఆఫీసరు చెప్పిన డెబ్భై ఆరే.

అంటే తన ఒళ్లు సరిగ్గా కుదిరిన రోజున భుజం మీదికి మాస్టారు వస్తారు.

తిని లావెక్కితే బొమ్మ దూదిలా తేలుతుంది, కానీ పరుగులో తప్పుతాడు. ఆ మాట నిజమే. అయితే అతన్ని ఆపింది అదొక్కటే కాదు. ఈసారైనా ఆయన్ని కిందికి చేర్చాలి. అలా చేరిస్తే రిపోర్టులో రాసిన ఆ వాక్యం ఎలాగో చెరిగిపోతుందని అతని పిచ్చి ఆశ. మళ్లీ పొద్దున్నే లేచి పరుగెత్తాడు. ఇనుము ఎత్తాడు. బరువు మోస్తూ మెట్లు ఎక్కాడు, దిగాడు. నడుము సన్నబడింది, భుజాలు గట్టిపడ్డాయి, పేరు మాత్రం బండన్నే.

ఒకరోజు అతని భార్య ఉతకబోతున్న చొక్కాను వెలుతురులో పట్టుకుని పిలిచింది. "ఏమండీ, చెమటైతే వీపంతా పడుతుంది కదా? ఈ కుడి భుజం వెనక ఒక్కచోటే తడేంటి?"

"నీళ్లేమో."

"వెచ్చగా ఉందండీ."

రూపాయి బిళ్లంత తడి. ఎవరో అక్కడ నోరు ఆనించి ఊపిరి వదిలినట్టుంది. బండన్న చొక్కా లాక్కుని తానే ఉతికేశాడు. బొమ్మకి ముఖం లేదు, నోరూ లేదు. ఆ రోజు నుంచి దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా "మన్నించండి" అనుకునేవాడు.

పరీక్ష ఉదయం అతను డెబ్భై ఆరు తూగాడు. మూడు కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తి, టవర్ ఎక్కి, బొమ్మను భుజానికెత్తుకున్నాడు. కాన్వాస్ లోపల ఇసుక కదలలేదు. ఎముకలు సర్దుకున్నాయి. పొడుగాటి చేయి ఒకటి అతని వీపు మీద వాలింది.

నాలుగో అంతస్తు, మూడో అంతస్తు దాటాడు. రెండో అంతస్తు మలుపుకి వచ్చాడు. చెవి వెనక వెచ్చటి గాలి తగిలింది.

"దింపెయ్యి బాబూ. నువ్వెళ్లు."

ఈసారి జవాబు చెప్పేంత ఊపిరి అతని దగ్గర ఉంది. "మీ మాట ఒకసారి విన్నాను మాస్టారూ. ఇక వినను" అన్నాడు పైకే. కింద నిలబడ్డవాళ్లు అతను ఎవరితో మాట్లాడుతున్నాడా అని తలెత్తి చూశారు. మెట్టు మీద మెట్టు, పళ్లు బిగబట్టి దిగాడు. నేల మీద పెట్టనని మొండికేసి స్ట్రెచర్ తెప్పించి, దాని మీద మెల్లగా పడుకోబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అతను వంగి ఛాతీ మీద చెయ్యి వేశాడు. చల్లటి కాన్వాస్, లోపల గరగరలాడే ఇసుక. ఏడాది చెమటోడ్చి కిందికి చేర్చింది ఇంతే. మాస్టారు ఇంకా ఆ మెట్ల మలుపులోనే ఉన్నారు. వాక్యం ఇంకా రిపోర్టులోనే ఉంది. బండన్నకి ఏడుపు ముంచుకొచ్చింది.

"పాస్" అన్నారు ఆఫీసరు, కాగితం మీద సంతకానికి కలం తీస్తూ.

"సంతకం ఆపండి సార్. మాస్టారి రిపోర్టులో నేను అబద్ధం రాశాను."

"ఏంటయ్యా ఇప్పుడు? ఇంటికెళ్లి హాయిగా పడుకో."

"దింపినప్పుడు ఆయన బతికే ఉన్నారు. నాతో మాట్లాడారు సార్."

ఆఫీసరు కలానికి మూత పెట్టి అడిగారు. "ఏమన్నారు?"

"వెళ్లమన్నారు సార్. వెళ్లిపోయాను."