రాజమణి విప్పిన పడవ ఇంజను

ఫలక్‌నుమా స్టేషను వెనక గల్లీలో ఇస్సాకు షాపు తెలియని పిండిగిర్నీవాళ్లు మా వైపు లేరు. నీళ్లు తోడేది కానీ, గిర్నీ తిప్పేది కానీ, ఏ డీజిలు ఇంజను మొరాయించినా ఆ రేకుల షెడ్డుకే వచ్చేది. ఇస్సాకు కూతురు రాజమణి. బడి మానాక తండ్రికి తోడుగా షాపులో కూర్చుంది అనేవారు గానీ, ఆమె కూర్చున్నది తక్కువ. పానా పట్టుకుని ఇంజను కిందికి దూరేది. ఆదివారం ప్రార్థనకు వచ్చినప్పుడు కూడా ఆమె గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు కనిపించేది. దాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు. మా అమ్మ లీలమ్మకు ఆమె ప్రాణస్నేహితురాలు. ఈ సంగతులన్నీ నేను అమ్మ నోట విన్నవే.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ప్రాంతంలో ఇస్సాకుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం మిగిలింది. రాజమణి రోజూ షాపు తెరిచేది. వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, "బాపు లేడా?" అని అడిగి, "మల్లొస్తం తియ్యమ్మా" అని వెళ్లిపోయేవారు. ఆమె పని వాళ్లకు తెలియక కాదు. ఇస్సాకు పక్కన ఉండగా చూశారు, ఒక్కతే చేస్తుంటే చూడలేదు.

ఆ ఎండాకాలం మా చర్చి ఆడవాళ్లంతా కలిసి మీరాలం చెరువుకు పిక్నిక్ వెళ్లారు. అక్కడ బాబురావు అనే కాంట్రాక్టరు ఒక మోటారు పడవ నడిపించేవాడు. డ్రైవరు పేరు కొండల్. అన్నాలు తిన్నాక అందరూ పడవెక్కారు. చెరువు నడిమికి వచ్చేసరికి ముచ్చట్లలో ఉన్న రాజమణి ఉన్నట్టుండి మాట ఆపేసి చెవి రిక్కించింది.

"ఏందే?" అంది మా అమ్మ.

"సప్పుడు మారింది. గా గొట్టం చూడు, నీళ్లు వస్తలేవు."

ఆ ఇంజను చెరువు నీళ్లనే లోపలికి లాక్కుని ఒళ్లు చల్లబరుచుకుని, పక్క గొట్టంలోంచి బయటికి వదులుతుంది. ఇప్పుడా గొట్టం మూతిలోంచి నీళ్లకు బదులు ఆవిరి వస్తోంది. ఇంజను మీది రంగు కాలిన వాసన కొడుతోంది. రాజమణి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, అందరినీ దాటుకుంటూ వెనక్కి వెళ్లింది.

"కొండలన్నా, బంద్ చెయ్! ఇంజను కాగిపోయింది!"

అతను డీజిలు కట్టేశాడు. వెంటనే బకెట్‌తో చెరువు నీళ్లు ముంచి ఇంజను మీద గుమ్మరించబోయాడు. రాజమణి బకెట్ అంచు పట్టుకుని ఆపింది.

"పొయ్యకన్నా! గింత కాగిన ఇనుము మీద సల్లనీళ్లు పడ్డయంటే పగుల్తది. దానంతట అది సల్లారనియ్యి."

"మరి గీళ్లందరు నీళ్ల నడుమ ఉన్నరు గద చెల్లే!"

"తెడ్లున్నయ్ గద. మేం కూడ ఏస్తం."

నిజంగానే వేశారు. మా అమ్మా, ఇంకొందరూ వంతులవారీగా తెడ్లు పట్టి, పాటలు పాడుకుంటూ పడవను గట్టు వైపు నడిపించారు. రాజమణి మాత్రం ఇంజను పక్కనే కూర్చుంది. ఒడ్డు దగ్గర పడే వేళకు ఇనుము మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లారింది. అప్పుడు దాని పెద్ద చక్రాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పి చూసింది. ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. ఆమె ముఖం కాస్త తేటపడింది.

గట్టు మీద బాబురావు ఎదురుచూస్తున్నాడు. నీళ్లు పీల్చే గొట్టానికి అడుగున చెత్తను ఆపే జాలిని కొండల్ విప్పి పైకి తీశాడు. దాని నిండా గుర్రపుడెక్క వేళ్లు జడలా చుట్టుకుని ఉన్నాయి.

"గింతేనా! చెత్త తీసేసినం గద, హ్యాండిల్ తిప్పి ఇంజను చాలు చెయ్ కొండల్" అన్నాడు బాబురావు. "అవతల ఇంకో పార్టీ కూసున్నది."

"చాలు చేస్తే ఖరాబైతది సేటూ" అంది రాజమణి. "నీళ్లు లేక కాగింది. లోపల ఏం ఇరిగిందో, ఏం వంగిందో ఇప్పి చూడాలె. చూడక ముందు నడిపియ్యద్దు."

"నువ్వు ఇస్సాకు బిడ్డవు గదా? బాపు వస్తడా మరి చూసేటందుకు?"

"బాపు రాడు. నేనే చూస్త."

బాబురావు కొండల్ వైపు చూశాడు. కొండల్ చేతిలో జాలి ఇంకా అలాగే ఉంది. "సేటూ, ఇయ్యాల నీ ఇంజను పగలకుంట ఆపింది గీ చెల్లెనే" అన్నాడు.

 బాబురావు గట్టు మీద కూర్చున్న పార్టీ దగ్గరికి తనే వెళ్లి, ఈ రోజుకు పడవ లేదని చెప్పి వచ్చాడు. "సరే బిడ్డా, తీస్కపో" అన్నాడు.

ఇంజను ఎడ్లబండి మీద షాపుకు చేరింది. మరునాడు ఇస్సాకు తన కుర్చీ షెడ్డులోనే వేయించుకున్నాడు. రాజమణి ముందుగా నూనె చూసే పుల్ల బయటికి లాగింది. నూనె నల్లగానే ఉంది. పాలు కలిపిన చాయలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు దిగాయని అర్థం. దిగలేదు. తరువాత నీళ్ల పంపు విప్పింది. లోపల ఉండాల్సిన రబ్బరు చక్రం నీళ్లు లేక ఎండి ముక్కలైపోయింది.

"కొత్తది ఏసి మూసేస్తే అయిపాయె గద" అన్నాడు చూడ్డానికి వచ్చిన బాబురావు.

ఆమె రబ్బరు ముక్కలన్నీ ఒక గుడ్డ మీద పరిచి, ఏ రెక్క ఎక్కడిదో జతపెట్టుకుంటూ వచ్చింది. చక్రానికి ఆరు రెక్కలు. అయిదు కుదిరాయి. ఆరోది లేదు. పంపులో లేదు, గొట్టాల్లో లేదు.

"చెర్ల పడిపోయి ఉంటది" అన్నాడు బాబురావు.

"పడితే మంచిదే సేటూ. పడకపోతే లోపల్నే అడ్డం పడ్డట్టు. మల్ల నీళ్లు ఆగుతయ్, మల్ల కాగుతది. గప్పుడు పడవల ఎవరుంటరో ఏమో."

ఆ మాటకు బాబురావు పీట లాక్కుని కూర్చున్నాడు. ఇస్సాకు తన కుర్చీలోంచి కూతురి చేతుల్నే చూస్తున్నాడు. ఆమె ఇంజను పైభాగాన్ని విప్పి బల్ల మీద పెట్టింది. అందులో నీళ్లు పారే సన్నటి దారి ఒకటి ఉంటుంది. పాత సైకిల్ పుల్ల కొనను వంచి, ఆ దారిలోకి దూర్చి మెల్లగా కెలికింది. చాలాసేపు ఏమీ రాలేదు. చివరికి ఒక మలుపు దగ్గర పుల్లకు మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే నల్లటి రబ్బరు రెక్క.

ఇస్సాకు ఎడమచేత్తో కుర్చీ చేతిని గట్టిగా చరిచాడు. "శాబాష్!"

పని అక్కడితో ఆగలేదు. ఆమె ఆ పైభాగానికి కిరసనాయిలు పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లింది. ఎక్కడైనా పగులుంటే లోపలికి ఇంకిన కిరసనాయిలు ఊరి, సుద్ద మీద గీతలా తడి కనిపిస్తుంది. అందరూ వంగి చూశారు. సుద్ద తెల్లగానే ఉంది. తరువాత స్టీలు బద్దను అడ్డంగా ఆనించి, దాని వెనక దీపం పట్టుకుంది. ఒక మూల సన్నగా వెలుతురు దూరింది.

"బాపూ, వేడికి వంగింది. నడిపియ్యనీకి వస్తదా?"

"నన్నేం అడుగుతున్నవ్? నీకేం అనిపిస్తుంది?"

ఆమె మళ్లీ ఒకసారి బద్ద ఆనించి చూసింది. "పలక అద్దం మీద అరగదీస్తే సాపైతది. కొత్త ప్యాకింగు ఏస్త."

"మరి చెయ్."

అద్దం మీద అరుగుడు మందు రాసి, ఆ బరువైన ఇనుమును గుండ్రంగా తిప్పుతూ అరగదీసింది. భుజాలు పడిపోయేలా అరగదీసి, దీపం వెలుతురు ఎక్కడా దూరనంత వరకూ వదల్లేదు.

పడవను మళ్లీ నీళ్లలోకి దింపిన రోజు ఇస్సాకు రిక్షాలో చెరువు గట్టుకు వచ్చాడు. జబ్బు చేశాక ఆయన గల్లీ దాటడం అదే మొదటిసారి. కొండల్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. పక్క గొట్టంలోంచి నీళ్లు ధారగా దూకాయి. రాజమణి ఆ ధార కింద చెయ్యి పెట్టి, గోరువెచ్చగా ఉందని సైగ చేసింది. పడవ అవతలి ఒడ్డు దాకా వెళ్లి తిరిగి వచ్చేవరకూ ఇస్సాకు కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఆయన చెంపలు తడిశాయని మా అమ్మ చెప్పింది.

బాబురావు ఈ సంగతి తనలో దాచుకునే మనిషి కాదు. ఛత్రినాక గిర్నీల దాకా వార్త పాకింది. షాపు వదిలి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. అలవాటు కొద్దీ కొందరు ఇస్సాకు ముందే నిలబడి ఇంజను రోగం చెప్పడం మొదలుపెట్టేవారు. ఆయన మధ్యలోనే ఆపేవాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ భాయ్? మిస్త్రి లోపలున్నది. పొయ్యి ఆమెకు చెప్పు."

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు గల్లీ చివరి దాకా వినిపించేది.