ఊదకుండా చల్లబడే రేడియేటర్

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పెద్ద బ్లోయర్ల పక్కన పనిచేసి రిటైరయ్యారు. పింఛనుతో పాటు సగం చెవుడు కూడా ఇంటికి తెచ్చుకున్నారు. చెవి మిషన్ కొనిచ్చాం. హాల్లో కూర్చుంటే అన్నీ వినిపించేవి, వినకూడనివి కూడా. నేను పనిచేసుకునే గదిలోకి వస్తే మాత్రం దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. మధురవాడ ఆఫీసు కోసం నేను అపార్ట్‌మెంట్ల బొమ్మలు గీసే కంప్యూటర్ ఉంది ఆ గదిలోనే. దాని ఫ్యాన్లు తిరిగితే ఆ మిషన్‌కి రొద తప్ప మరేమీ అందదు. కొన్నాళ్ళకి నాన్న నా గదికి రావడమే మానేశారు.

నాకు ఒళ్ళు మండింది. నాన్న మీద కాదు, ఆ ఫ్యాన్ల మీద. మా ఇల్లు ఫ్యాక్టరీ పక్కనే, కూర్మన్నపాలెంలో. అక్కడి గాలి సంగతి తెలిసిందే. ఎంత తుడిచినా రెక్కలకి నల్లటి దుమ్ము పడుతుంది, దుమ్ము పట్టేకొద్దీ అవి ఇంకా గొంతు చించుకుంటాయి. వీటిని పీకి పారేసి, నీళ్ళతో చల్లబరుద్దామని నిశ్చయించుకున్నాను. వేడెక్కే చిప్ మీద ఒక రాగి దిమ్మ బిగిస్తారు. చిన్న మోటారు దానిలోంచి నీళ్ళు తిప్పుతుంది. ఆ వేడినీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళి, ఫ్యాను లేకుండా వాటంతటవే చల్లారి రావాలి. అంతా ఆ రేడియేటర్ ఎంపికలోనే ఉంది.

"ఊదకుండా ఏడి ఎలాగ పోతాదిరా?" అన్నారు నాన్న. "ప్లాంటులో బ్లోయర్ ఆగితే ఏటవుతాదో నీకేటి తెలుసు?"

అలా అన్నారే గానీ, ఆ మర్నాడే నన్ను బండెక్కించుకుని మల్కాపురం తీసుకెళ్ళారు. అక్కడ మా అక్క భర్తకి, అంటే మా బావకి, పోర్టు లారీల రేడియేటర్లు బాగుచేసే షెడ్డు ఉంది. మామా అల్లుళ్ళు కలిసి ఒక లారీ రేడియేటర్ని ఎంచారు. దళసరిది, రేకులు దువ్వెన పళ్ళకంటే దగ్గరగా ఉన్నది. రేకులు ఎక్కువైతే చల్లదనం ఎక్కువని ఇద్దరి నమ్మకం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నాను. ఎవరూ వినలేదు.

లారీలో ఎలా ఉంటుందో అలాగే దాన్ని నా గదిలో గోడకి నిలబెట్టారు. ఫ్యాన్లు పీకేసి, నీళ్ళ మోటారు కింద చప్పుడు రాకుండా స్పాంజి ముక్క పెట్టి బిగించాం. గది నిశ్శబ్దమైపోయింది. నాన్న మిషన్ పెట్టుకుని లోపలికి రాబోతుండగానే, ఆఫీసు మీటింగ్ మధ్యలో, కంప్యూటర్ వేడెక్కి టప్పున ఆగిపోయింది. మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలియక కరెంటు పోయిందన్నాను. ఫ్యాన్లు మళ్ళీ బిగించాను. నాన్న మిషన్ తీసి జేబులో వేసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఆ వీపు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటర్నెట్లో తళతళలాడే అల్యూమినియంవి చూశాను. కానీ అల్యూమినియం, రాగి ఒకే నీళ్ళలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. పైగా మనకి సముద్రపు గాలి కూడా తోడు. అది వద్దనుకున్నాను. రాగిదే కావాలి. అయితే ఏ రాగిది? లారీ పరిగెడితే ఎదురుగాలి వస్తుంది, వెనక ఫ్యానూ ఉంటుంది. నా గదిలో ఎదురుగాలి ఎక్కడిది? వేడిగాలి తనంతట తానే పైకి పోయేలా రేకుల మధ్య దారి ఉండాలి.

ఆదివారం నాన్నతో మళ్ళీ షెడ్డుకి వెళ్ళి, ఉన్న రాగి రేడియేటర్లన్నీ ఇటుకల మీద బల్లపరుపుగా పడుకోబెట్టాను. పక్క టీ కొట్టు నుంచి మరిగే నీళ్ళు తెచ్చి వాటిలో పోశాను. పొగ ఎటు పోతుందో చూద్దామని ఒక్కోదాని కిందా ఒక అగరబత్తి వెలిగించాను. ఇదంతా చూస్తున్న బావ మాట్లాడకుండా బయటికి వెళ్ళి కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ పట్టుకొచ్చాడు.

"ఇవేటి బావా?"

"కొనకముందే పూజేటా అనుకున్నాను గానీ, మీ ఇంటి ఆచారం కాబోలని అడగనేదు."

అప్పటికే రెండు రేడియేటర్లకి బొట్లు పెట్టేశాడు. నాన్న నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడ్డారు. కాయ ఎలాగూ వచ్చింది గనక కొట్టుకుని తింటూ పొగని చూశాం. దగ్గర రేకుల వాటి కింద పొగ తగిలి పక్కలకి పాకిపోతోంది. ఓ మూల పాత జనరేటర్‌ది ఒకటుంది. రేకుల మధ్య చిటికెన వేలు దూరేంత సందు. దానిలోంచి మాత్రం పొగ నిటారుగా పైకి లేచింది.

నాన్న వంగి, చెయ్యి పైన పెట్టి చూసుకున్నారు. "ఓరి! ఎవులూ ఊదకుండానే ఎల్తందిరా!"

దాన్నే తెచ్చి గదిలో ఇటుకల మీద పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున్న బొమ్మ మొదలుపెడితే మధ్యాహ్నమైనా కంప్యూటర్ ఆగిపోలేదు. నాన్న వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నారు. ఎండ ఎక్కువుందన్నారు. తెర మీంచి తల తిప్పకుండానే "అవును నాన్నా, సాయంత్రం వాన పడతాదేమో" అన్నాను.

తిరిగి చూస్తే నా వంకే చూస్తున్నారు.

"ఏటైంది నాన్నా?"

"అలా తల తిప్పకుండానే పలుకుతావేటిరా నువ్వు?"

"ఎప్పుడూ పలుకుతానే ఉంటాను."

ఆయన చెవి మిషన్ని ఒకసారి సర్దుకున్నారు. "ఆ రొదలో నాను ఏటడిగినా నువ్వు పలకట్లేదనుకున్నాను. నానొస్తే నీకు ఇసుగనుకుని రావడం మానీసాను."

నేను కుర్చీ మొత్తం ఆయన వైపు తిప్పుకున్నాను.