మూడు టీములు, ఒక్క ట్రాక్టర్

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోకి స్క్రమ్ అనే పని పద్ధతి కొత్తగా వచ్చిన రోజులవి. నా ఉద్యోగం పని చేయడం కాదు, పని చేసేవాళ్లను నిలబెట్టడం. మాకు మూడు టీములుండేవి. రోజూ పొద్దున ఒక్కో టీము గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేసిందీ ఇవాళ ఏం చేయబోతోందీ చెప్పుకునేది. తర్వాత టీముకొకరు వచ్చి నా ముందు నిలబడేవారు. ఏమైనా అడ్డం ఉందా అని నేనడగాలి, లేదని వాళ్లనాలి. ఎనిమిది నెలలు ఎవరికీ ఏ అడ్డమూ రాలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. కానీ మేనేజర్లు పొగుడుతుంటే అనుమానం ఎవరికొస్తుంది?

మేం చేస్తున్న సాఫ్ట్‌వేర్ సత్తుపల్లి అవతలున్న ఒక పామాయిల్ ఫ్యాక్టరీ కోసం. రైతులు గెలలు తెస్తే గేటు దగ్గర టోకెన్ ఇవ్వడం ఒక టీము పని. కాటా తూకం రెండోదానిది. రైతు పేర రసీదు మూడోదానిది. ఎవరి ముక్క వాళ్ల దగ్గర బ్రహ్మాండంగా నడిచింది. మూడూ కలిపి నడిపి చూడటం ఫ్యాక్టరీకి వెళ్లాకే అనుకున్నాం. అనుకున్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

మొదటి రోజే, నా కళ్లముందే, ములకలపల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్ కాటా మీద ఆగిపోయింది. అందులో ముగ్గురు రైతుల గెలలున్నాయి. చిన్న రైతులు కలిసి ఒక ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని, ఒకరి గెలల మీద మట్టలు పరిచి, వాటి మీద ఇంకొకరివి వేసుకుంటారు. అది ఆ వైపు అందరికీ తెలుసు, మాకు తప్ప. మా గేటు టీము బండికొక టోకెన్ ఇచ్చింది. రసీదు టీము టోకెన్‌కు ఒక్క రైతునే ఒప్పుకుంది. మధ్యలో కాటా టీము పాపం ఇద్దరినీ నమ్మింది.

హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే మూడు టీములూ మర్యాదగా ఒకే మాట చెప్పాయి, మా పని పూర్తయిందని. ఎండ ముదిరేకొద్దీ నాకు చెమటతో పాటు సిగ్గు కూడా పట్టింది.

ట్రాలీలో అడుగున ఉన్నవి ఒక పెద్దావిడవి. ముందురోజు మధ్యాహ్నం కోయించింది. కోసి ఒక రోజు దాటితే ఫ్యాక్టరీ తీసుకోదు. నేను మూడు టీములకూ ఫోన్ చేయడం వింటూ పక్కనే నిలబడి, చివరికి నెమ్మదిగా అడిగింది.

"మా ముగ్గురి ఇండ్లు మూడు దిక్కుల బిడ్డా. ఎవరివి అడుగుకెయ్యాలె, ఎవరివి పైనెయ్యాలె అని బండి కదలకముందే మాట్లాడుకున్నం. మీరు గట్ల మాట్లాడుకోలేదా?"

మేం రోజూ మాట్లాడుకున్నాం, నిలబడి మరీ.

కంప్యూటర్ ఆపించాను. కాటా గుమాస్తా ముఖం వెలిగింది. బండి మొత్తం తూచాడు, పైనున్న రైతువి దింపించి మళ్లీ తూచాడు, తేడా రాసుకున్నాడు. ఆయనకు ఏ టీమూ అక్కర్లేదు. రెండో రైతువీ అలాగే అయ్యాక ఆవిడ వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. గెలల నుంచి పళ్లు రాలిపోతున్నాయి. ఆవిడ వాటిని ఏరి కొంగులో వేసుకుంటోంది.

గుమాస్తా కలం పట్టుకుని నా వైపు తిరిగాడు.

"టైం దాటింది సార్. ఆలస్యం తప్పు మాదే అని మీలో ఎవరన్న సంతకం పెడితె తీస్కుంట. ఎవరిది తప్పు?"

గేటు, కాటా, రసీదు, మూడూ మనసులో తిరిగాయి. మూడూ పూర్తయిన పనులే. ఆవిడ ఏరడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"నాది," అన్నాను. ఎనిమిది నెలల్లో ఆ మొత్తం పని గురించి మాలో ఒకరు ఆ మాట అనడం అదే మొదటిసారి.