శకుంతల టీచర్ చెవి మిషను

ఈ రోజు పొద్దున మిషను పెట్టుకుంటుంటే చెవిలో సన్నగా కూసింది. సరిగ్గా కూర్చోకపోతే అది అలాగే కూస్తుంది. ఒక చేత్తో చెవిని కొంచెం పైకి లాగి, రెండో చేతి వేలితో లోపలికి నొక్కి సర్దుకున్నాక ఆగింది. పోయిన నెల హనుమకొండలో దీన్ని నాకు అమర్చిన అమ్మాయి చాలా ఓపికగా జాగ్రత్తలు చెప్పింది. "రోజూ తీసినంక మెత్తటి బ్రష్‌తోని గులిమి తుడవాలె మేడమ్. నీళ్లు తగలనియ్యద్దు. పడుకునేటప్పుడు సెల్లు డోర్ తెరిచిపెట్టండి, చెమట తడి ఆరిపోతది." తల ఊపుతూ విన్నాను. "మీకు అన్నీ ముందే తెలిసినట్టున్నది. ఇంట్ల ఎవరికన్న ఉండెనా?" అని అడిగింది. లేదన్నాను. ఇంట్లో ఎవరికీ లేదు. నాకు ఇవన్నీ నేర్పింది మా లెక్కల టీచరు శకుంతల గారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

డెబ్బైల చివరి మాట ఇది. మేం వరంగల్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో చదివేవాళ్లం. శకుంతల టీచర్‌కు అప్పటికి నలభై ఏళ్లుంటాయి. పెళ్లి చేసుకోలేదు. హనుమకొండలో తమ్ముడి కుటుంబంతో ఉండేది. సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన నూలు చీరలో బోర్డు ముందు నిలబడితే క్లాసులో గుసగుస కూడా ఉండేది కాదు. కొట్టేది కాదు, తిట్టేది కాదు. తప్పు చేసిన పిల్ల దగ్గరికి వచ్చి, నోట్సు మీద వేలు పెట్టి, "ఈడిదాక మంచిగనే వచ్చినవ్. ఈడ తొవ్వ తప్పినవ్. ఎందుకు తప్పినవో నువ్వే చెప్పు" అనేది. చెప్పేదాకా అక్కడే నిలబడేది. లెక్క అంటే భయం పోయింది నాకు ఆ ఒక్క మాటతోనే.

మాది కొత్తవాడ. మా నాయన జంపఖానాలు నేసేవాడు. నేను ఏడో తరగతి పాసవగానే ఇక చాలన్నాడు. బడి తెరిచి వారమైనా నేను రాలేదని శకుంతల టీచర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే, నోట్లో బీడీతో, తల వంచుకుని ఏదో చెప్పాడు. టీచర్ ఒక నిమిషం చూసి, "బీడీ తీసి, ఇటు తిరిగి చెప్పండి. నాకు తెలుస్తలేదు" అంది. మా నాయనతో అలా మాట్లాడినవాళ్లను నేనంతవరకు చూడలేదు. ఆయన బిత్తరపోయి బీడీ పారేశాడు.

"చదివింది సాలు టీచరమ్మా. మగ్గం కాడ ఇంకో చెయ్యి కావాలె. జంపఖాన చారలు లెక్కవెట్టుడు వస్తె దీని బతుకు ఇది బతుకుతది."

"పొద్దంత బడికి పంపుండ్రి, పొద్దుగూకినంక మగ్గం కాడ కూసుంటది. మూడేండ్లు నాకియ్యండి. పదో తరగతి పాస్ కాకపోతే నేనే వచ్చి మీ మగ్గం మీద కూసుంట."

నాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. మర్నాడు నేను బడికి వెళ్లాను. నాయనను బీడీ పారేయమన్నది ఆమె గర్వం వల్లేనని చాలా రోజులు అనుకున్నాను. పెదవులు కనబడకపోతే ఆమెకు మాట అందదని అప్పటికి నాకు తెలియదు.

ఎనిమిదో తరగతిలోనే మాకు అనుమానం మొదలైంది. మేం పదిహేను అంటే ఆమె పదహారు అని రాసేది. వెనక బెంచీల్లోంచి ఎవరైనా అడిగితే జవాబు వచ్చేది కాదు. తల్లిదండ్రులెవరో మా హెడ్‌మిస్ట్రెస్ పెద్ద టీచరమ్మకు చెప్పారట. తొమ్మిదో తరగతిలో దసరా సెలవులయ్యాక శకుంతల టీచర్ చెవికి మిషనుతో వచ్చింది. ఇప్పుడు నా చెవిలో ఉన్నట్టు శనగగింజంత మిషను కాదది. సబ్బుపెట్టెంత డబ్బా రవికె లోపల పెట్టుకునేది. దాని నుంచి ఒక తీగ మెడ పక్కగా చెవి దాకా వచ్చేది. చెవిలో మాత్రం గులాబిరంగు ముక్క ఒకటి, ఆమె చెవి కొలతకే హైదరాబాదులో అచ్చు తీయించి చేయించింది. పమిట రాసుకున్నా ఆమెకు ఉరిమినట్టు వినబడేదట. బెంచీ జరిగితే ఉలిక్కిపడేది. మొదటి వారమంతా నుదుటికి అమృతాంజనం రాసుకునే పాఠం చెప్పింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం గంటలో ఏదో నోట్సు ఇవ్వడానికి వెళ్తే, ఆ గులాబిరంగు ముక్కను తీగ నుంచి విడదీసి గిన్నెలో సబ్బునీళ్లతో కడుగుతూ కనబడింది. నన్ను చూసి దాచబోయి, మళ్లీ మానేసింది. "రా, చూడు" అంది. రంధ్రంలో గులిమి అడ్డుపడితే శబ్దం రాదని, దాన్ని సూదితో కాకుండా సన్నటి కుంచెతో తీయాలని, కడిగాక లోపల నీటిచుక్క లేకుండా ఊదాలని, డబ్బాకు మాత్రం తడి తగలనివ్వకూడదని, ఇంటికి వెళ్లగానే సెల్లు తీసి పెట్టాలని ఒక్కొక్కటీ చేసి చూపించింది. ఆ రోజు నుంచి ఆ పని నాదైంది. ఆమె అన్నం తింటుంటే నేను కడిగి, తుడిచి, ఆరబెట్టి ఇచ్చేదాన్ని. క్లాసులో ఎవరికీ లేని గౌరవం నాకు దక్కినట్టుండేది.

అలాంటి ఒక మధ్యాహ్నమే అడిగాను, "ఇప్పుడన్నీ మంచిగ వినపడ్తున్నయా టీచర్?" అని. ఆమె చేతిలోని ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"చప్పుడు పెద్దగైంది పద్మా. మాట సాఫ్ కాలే. నీ మాటా, బయట రిక్షా గంటా, అన్నీ ఒక్కసారే మీద వడ్తయి. మీ పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటున్న." తలుపు వైపు ఒకసారి చూసి మళ్లీ అంది. "ఎవలకు చెప్పకు. మిషనుతోని కూడ పని కాకపోతే క్లాసు తీసేస్తనన్నది పెద్ద టీచరమ్మ. క్లాసు లేకపోతే నేనేం జేయాలె?"

చెప్పనన్నాను. నెల రోజులు చెప్పలేదు. తర్వాత ఒకరోజు నా పక్కన కూర్చునే విజయ, "నువ్వు టీచర్‌కు పనిమనిషివి" అని అందరి ముందూ వెక్కిరించింది. పనిమనిషిని కాదు, ఆమె రహస్యాలు తెలిసినదాన్ని అని చూపించుకోవాలనిపించింది. చెప్పేశాను. అంతే. ఎవరూ నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. ఒక్క వెక్కిరింపుకే ఆమె మాట అమ్మేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత లెక్కల పీరియడ్‌లో అది జరిగింది. విజయ ముందే అందరితో మాట్లాడి పెట్టింది. టీచర్ ప్రశ్న అడగ్గానే విజయ లేచి, గొంతు ఏమాత్రం రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపింది. టీచర్ "గట్టిగ చెప్పు" అంది. విజయ మళ్లీ పెదవులు కదిపింది. ఇంకో పిల్ల లేచింది, అదే చేసింది. టీచర్ చెయ్యి పమిట లోపలికి పోయింది. శబ్దం పెంచుకుంటోందని నాకు తెలుసు. మూడో పిల్ల లేచింది. క్లాసులో బెంచీ కూడా కదలలేదు. టీచర్ డబ్బా బయటికి తీసి, వేలితో తట్టి, సెల్లు తీసి కొత్తది వేసి, మళ్లీ చెవి ఒగ్గింది. తర్వాత మొదటి బెంచీలో ఉన్న నా వైపు తిరిగింది.

"పద్మా, జర చూడు. చప్పుడైతే వస్తున్నది, మాట వస్తలేదు. మిషను ఖరాబయిందా?"

నేను లేచి వెళ్లాను. డబ్బా నా చేతికిచ్చింది. తీగ సరిగ్గానే ఉంది. ముక్కలో గులిమి లేదు, గంట క్రితం నేనే కడిగాను. నా వెనక నలభై మంది నవ్వు ఆపుకుంటున్నారు. నిజం చెబితే రేపటి నుంచి ఈ క్లాసులో నాతో ఎవరు మాట్లాడతారన్న ఒక్క ఆలోచనే వచ్చింది. తల ఊపాను. ఖరాబయిందని పెదవులతో చెప్పాను. గొంతు లేకుండానే.

ఆమె మిషనును రుమాలులో చుట్టుకుంది. మర్నాడు దాన్ని బాగు చేయించడానికి హైదరాబాదు పంపింది. అది తిరిగి రావడానికి నెల పైనే పట్టింది. ఆ నెలలోనే తనిఖీ వచ్చింది.

తనిఖీకి వచ్చిన ఆయన మా క్లాసులో కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెలుతురు వెనక ఉండటంతో ఆయన ముఖం మాకే సరిగ్గా కనబడలేదు. "మీ సర్వీసు ఎన్నేళ్లమ్మా?" అని అడిగాడు. శకుంతల టీచర్ ఒక అడుగు ముందుకేసి, ఆయన ముఖంలోకి చూడటానికి ప్రయత్నించి, "నలభై ముగ్గురు సార్, ఇయ్యాల ఇద్దరు రాలేదు" అంది. కొందరు కిసుక్కుమన్నారు. ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకా గట్టిగా. టీచర్ హాజరు పట్టీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని తెరవకుండానే బల్ల మీద పెట్టి పెద్ద టీచరమ్మ వైపు చూశాడు. ఆ చూపు మాత్రం టీచర్‌కు అర్థమైంది. బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పూర్తి చేసి, చాక్‌పీస్ గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుంది. ఆ తర్వాత ఆమె మాకు పాఠం చెప్పలేదు. ఆఫీసు గది మూలన ఒక కుర్చీ వేసి, రిజిస్టర్లకు గీతలు కొట్టే పని ఇచ్చారు.

హైదరాబాదు నుంచి మిషను వచ్చిన రోజు నన్ను పిలిపించింది. డబ్బాతో పాటు ఒక చీటీ ఉంది. దాన్ని నాకు చూపించింది. మిషనులో ఏ లోపమూ లేదని అందులో రాసి ఉంది. ఆమె నా ముఖంలోకి చూసింది. పెదవులు కదులుతాయేమోనని చూసినట్టే చూసింది. నేను కదపలేదు.

"మిషను మంచిగనే ఉన్నదట" అంది. చీటీని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసింది. "పొద్దుగాల ఇంటికి రా. కొత్త మేడమ్‌కు జామెట్రీ రాదంటున్నరు. నీ పది పాడైతది."

వెళ్లాను. ఏడాది పైన వెళ్లాను. సిగ్గు లేక కాదు, ఆమె లేకుండా నేను పాసు కాలేను కాబట్టి. ఆమె మిషను పెట్టుకోవడం మానేసింది. ఒకసారి కడిగి ఇవ్వనా అని సైగ చేస్తే, వద్దని చెయ్యి ఊపింది. నేను లెక్క చేస్తుంటే నోట్సు మీద వేలు పెట్టి, ఎప్పటిలాగే, "ఈడ తొవ్వ తప్పినవ్" అనేది. ప్రతిసారీ నా అబద్ధం గురించే అంటోందనుకునేదాన్ని. ఆమె లెక్క గురించే అనేది.

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. నాయన జంపఖానా ఒకటి భుజాన వేసుకుని వెళ్లి ఆమెకిచ్చి వచ్చాడు. ఆ ఏడాదే ఆమె ఉద్యోగం వదిలేసింది. వదిలేయమన్నారని కొందరు, ఆమే వదిలేసిందని కొందరు అన్నారు.

ఎనభైల నడుమ నాకు లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని హనుమకొండ వెళ్లాను. తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉంది. పూర్తిగా వినబడటం లేదు. తన గొంతు తనకే వినబడక మాట కూడా మారింది. ఒక అక్షరం పెద్దగా, ఒక అక్షరం మింగేసినట్టు వస్తోంది. ఇంట్లోవాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారని అర్థమైంది. మంచం మీద ఒక నోట్‌బుక్కు, పెన్సిలు ఉన్నాయి. వచ్చినవాళ్లు అందులో రాయాలి. ఉద్యోగం వచ్చిందని రాశాను. చదివి, నా తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. తర్వాత నోట్‌బుక్కు మళ్లీ నా ఒళ్లో పెట్టింది.

"ఇంకేమన్న ఉన్నదా? రాయి."

నా చేతిలో పెన్సిలు ఉంది. ఆమె నా ముఖం వైపు కాదు, కాగితం వైపే చూస్తోంది. గదిలో ఇంకెవరూ లేరు. అరవాల్సిన పని లేదు, నోరు తెరవాల్సిన పని కూడా లేదు. ఒక్క వాక్యం చాలు. నేను రాశాను: "ఎండలు బాగా ఉన్నాయి టీచర్."

ఆమె చదివింది. "అవును, ఉన్నయి" అంది. నోట్‌బుక్కు మూసి దిండు పక్కన పెట్టుకుంది.

ఆ వానాకాలంలోనే పోయిందని నాకు నెల తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను, ఎందరో పిల్లలను పాసు చేయించాను, మంచి టీచరన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆ కాగితమే కళ్ల ముందుకొస్తుంది. పైన రెండు వరసలు నా రాత. కింద పేజీ అంతా ఖాళీ.