చెవులు వెనక్కి వాల్చిన గుర్రం

మనవరాలు వేసిన బొమ్మకి పటం కట్టించి, మా అబ్బాయి విశాఖపట్నం నుంచి చోడవరం తెచ్చాడు. బళ్లో మొదటి బహుమతి వచ్చిందట. సముద్రపు ఒడ్డున గుర్రం, దాని మీద అక్కా తమ్ముడూ, వెనక ఎర్రటి ఆకాశం.

"పరిగెత్తే గుర్రం స్వేచ్ఛంట, ఎరుపు సంతోషమంట. టీచరు సెప్పింది అత్తా," అంది కోడలు.

మా అబ్బాయి గోడకి మేకు కొడుతున్నాడు. "రేపు ఎల్తా ఎల్తా బీచిలో ఇద్దర్నీ మళ్లీ గుర్రం ఎక్కిస్తాను. అదే దీని ప్రైజు."

నేను చదివింది మూడో తరగతి. బొమ్మల సంగతి నాకు తెలియదు. కానీ మా నాన్న మాడుగులలో జట్కా తోలేవాడు. గుర్రం దగ్గరికెళితే ముందు చెవులు చూడమనేవాడు. ముందుకి నిక్కితే కులాసాగా ఉన్నట్టు. మెడకి అంటుకుపోతే ఇక అది మన మాట వినదు.

పటంలో చెవులు మెడకి అంటుకుపోయి ఉన్నాయి. కంట్లో తెల్లగుడ్డు తేలింది. కళ్లెం తాడు ఇసుకలో ఈడ్చుకుపోతోంది, పట్టుకునే మనిషి లేడు.

"ఏటే గుంటా, ఈ గుర్రం బెదిరిపోయింది కదే?"

మనవరాలు నన్ను చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. "గుర్రం వాడు తాడు వదిలేశాడు నానమ్మా. తమ్ముడు జారిపోతన్నాడు. గట్టిగా పట్టుకున్నాను."

మా అబ్బాయి సుత్తి దించాడు. "అదేటి? నవ్వుతా కేకలేసేరు కదా! వీడియో కూడా తీసేను."

ఆ వీడియో నేనూ చూశాను. పక్కింటావిడని పిలిచి మరీ చూపించి, "సూడండి, మా గుంట రాణీలాగుంది" అని మురిసిపోయాను.

కళ్లజోడు పెట్టుకుని, అబ్బాయి ఫోన్‌లో దాన్ని మళ్లీ చూశాను. అవే చెవులు. గాలి హోరులో "నాన్నా, నాన్నా" అని కేక. దాని మీద, ఫోన్ పట్టుకున్న మా అబ్బాయి నవ్వు. చివర్లో గుర్రం వాడు పరిగెత్తుకొచ్చి తాడందుకున్నాడు.

"మరి సెప్పలేదేటే?"

"అందరూ బాగుంది, బాగుంది అన్నారు కదా."

మా అబ్బాయి ఫోన్‌లోంచి ఆ వీడియో తీసేయబోయాడు. "ఒరే, ముందు పూర్తిగా ఇను," అన్నాను. నేల మీద చతికిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. ముఖం పాలిపోయింది.

"రేపు ఎక్కించన్లే తల్లీ, ఒట్టు."

అది కళ్లు తుడుచుకుంది.

"తమ్ముణ్ణి కూడానా?"