బాబాయి కాబోయిన మావయ్యగారు

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిచేసరికి మా రాజోలు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పాత ఫొటో కనిపించింది, ఇక ఆ కాఫీ సంగతి మరిచేపోయాను. ఇలాంటి గ్రూపుల గురించి నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడో ఊరు వదిలి విశాఖపట్నమనీ, హైదరాబాదనీ, భిలాయి అనీ తలోదిక్కుకీ పోయినవాళ్ళం, మనవలు పుట్టాక తీరిక దొరికి మళ్ళీ ఒకచోట చేరాం. కొత్తగా ఎవరైనా చేరితే చాలు, మీరు ఎవరి తాలూకండీ అంటూ అందరం మీదపడిపోతాం. రేవుకెళ్ళే దారిలో సోడాల కొట్టు వెనకిల్లు అని ఆ వచ్చినావిడ చెప్పీచెప్పకముందే, ఆ ఇంట్లో మీకన్నా ముందు అద్దెకున్నది మా పెద్దనాన్నగారేనని ఒకరూ, మీ అమ్మగారు కుట్టిన గౌను నేను చిరిగిపోయేదాకా వేసుకున్నానని మరొకరూ అందుకుంటారు. మావారు దీన్ని మీ సంత అంటారు. అననివ్వండి.

ఫొటోలో మా చర్చి మెట్లమీద తెల్లచీర కట్టుకుని ముసుగు వేసుకున్న పెళ్ళికూతురు, ఆమె చెయ్యి పట్టుకుని సూటులో ఒక పొడుగాటి మనిషి, వాళ్ళ ముందు పూలబుట్టతో ఒక పిల్ల ఉన్నారు. ఆ పిల్ల ఒక కాలు అప్పటికే పక్కకి వేసేసింది. అది నేనే. కుదురుగా నిలబడడమన్నది నా ఒంట్లో లేదు, ఇప్పటికీ లేదు. ఆ ఫొటో పెట్టినావిడ కొత్తపేటలో ఉంటుందట, తన మేనమామ ఒకప్పుడు మా ఊళ్ళో పనిచేశారన్న అభిమానంతో ఈమధ్యే గ్రూపులో చేరింది. ఇది మావయ్య పెట్టెలో దొరికిందండీ, పక్కనున్నావిడ మా అత్తయ్య కాదు, ఎవరో తెలిస్తే చెప్పండి అని రాసింది. ఆ రాసింది ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు. జంట చూడముచ్చటగా ఉందని ఒకావిడ మెచ్చుకుంది, ఒకాయనైతే పెళ్ళిరోజు శుభాకాంక్షలు కూడా చెప్పేశారు. ఆ పెళ్ళికూతురు మా పిన్ని, ఆ సూటులో ఉన్నాయన మాత్రం పెళ్ళికొడుకు కాదు.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. అమ్మమ్మా తాతయ్యా ముందే పోవడంతో మా ఇంట్లోనే పెరిగింది. అప్పటికి ట్రైనింగు పూర్తిచేసి బళ్ళో పంతులమ్మగా చేరింది. డెబ్బైల నడిమి సంగతి ఇది. ఆ రోజుల్లోనే మా ఊరి హైస్కూలుకి కొత్తగా ఒక లెక్కల మాస్టారు వచ్చారు. తల్లీతండ్రీ ఊహ తెలియకముందే పోయారు, ఉన్న ఒక్క అక్కగారూ రైల్వేలో పనిచేసే భర్తతో ఖరగ్‌పూర్‌లో ఉండేది. ఆయన చర్చిలో పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళ వైపు పిల్లల ఏడుపులు కూడా ఆగేవి. పిన్నీ పాడేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు గాని, క్రిస్మస్ పాటల రిహార్సల్స్ అయ్యేసరికి ఊళ్ళో అందరికీ సంగతి అర్థమైపోయింది, నాన్నగారే పూనుకుని ప్రధానం జరిపించారు. ఆత్రేయపురం వెళ్ళొచ్చినప్పుడల్లా మాస్టారు మాకు పూతరేకులు తెచ్చేవారు. మేం పిల్లలం ఇంక పెళ్ళిదాకా ఆగకుండా బాబాయిగారూ అని పిలిచేసేవాళ్ళం, పిలిచినప్పుడల్లా పిన్ని ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇక్కడ మా పెద్దమామ్మగారి గురించి చెప్పాలి. ఆవిడ నాన్నగారికి మేనత్త. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్తుంటే, గోదారి సగం దాటేలోపు పక్కన కూర్చున్న ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళకి వరస కలిపేసేవారు. వాళ్ళు ఎక్కినప్పుడు ఎవరికెవరో, దిగేటప్పుడు వియ్యంకులు. పుట్టిళ్ళూ, మెట్టినిళ్ళూ, ఏ లంకలో ఎవరి ఆడపడుచు ఎక్కడ పడిందీ అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి, ఆవిడ చెప్పాక మళ్ళీ ఇంకొకరిని అడిగేవాళ్ళు కాదు. అందులోనూ ఆవిడ మా అమ్మమ్మ పుట్టింటి పక్క ఊరిదే, అంచేత ఆ ఇంటి సంగతి ఆవిడకన్నా తెలిసినవాళ్ళు ఎవరుంటారని అందరి నమ్మకం.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆ పెళ్ళి సంగతి చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఎవరూ ఏమీ చెప్పరు, అదొక ఆనవాయితీ, అంతే. రెండో ఆదివారం పాస్టరు అయ్యగారు మాస్టారి పేరూ, ఆయన తల్లి పేరూ, ఊరూ చదవగానే ఆడవాళ్ళ వైపునుంచి, మొదటి ఆదివారం ఊళ్ళో లేని పెద్దమామ్మగారు లేచారు. నాకింకా ఆ గొంతు చెవిలో ఉంది.

"అయ్యగారండీ, ఒక్క మాటండి. బాబూ, మీ అమ్మ పెరిగింది ఆ లంకలో, మావాళ్ళమ్మాయి అమ్మమ్మగారింట్లోనే కదూ?"

మాస్టారు మగవాళ్ళ వైపు లేచి నిలబడి, ఎంతో వినయంగా, కాస్త సంతోషంగా కూడా, "ఆయ్, అక్కడేనండి" అన్నారు. పాపం, చుట్టరికం కలిసిందనుకున్నారు.

అయితే ఇంకేవుంది, ఒకే ఇంటి ఆడపిల్లలు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు గాని మొగుడూ పెళ్ళాలెలా అవుతారండీ అన్నారావిడ. అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. కాదనడానికి అటు పెద్దవాళ్ళు లేరు, ఇటూ లేరు. పాపం చుట్టుకుంటుందన్న భయం తప్ప ఆవిడకి పిన్ని మీద ఏ కోపమూ లేదు, ఆ మాట అన్నాక ఇంటికొచ్చి ఆవిడే అందరికన్నా ఎక్కువ ఏడ్చారు. మూడో ఆదివారం అయ్యగారు ఆ పేర్లు చదవలేదు.

నాన్నగారు మంచితనానికి పోయి, మీరు పరాయివాళ్ళేమీ కాదండీ, ఈ ఇంటి మనిషే, రాకపోకలు మానొద్దని మాస్టారిని బతిమాలారు. ఆయనా మానలేదు. ఏటా క్రిస్మస్‌కి అన్నగారి హోదాలో పిన్నికి చీర తెచ్చేవారు. మమ్మల్ని మావయ్యగారని పిలవమన్నారు. నోరు తిరగక కొన్నాళ్ళు బా అని మొదలుపెట్టి మావయ్యగారూ అని ముగించేవాళ్ళం. పిన్ని మాత్రం ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. అన్నయ్యా అనలేదు, ఏవండీ అనలేదు. వచ్చారంటే నావైపు తిరిగి మంచినీళ్ళివ్వవే అనేది, వెళ్తుంటే గొడుగు ఇవ్వవే అనేది. ఆయనా నాతోనే జవాబు చెప్పేవారు. ఆ మధ్యవర్తిత్వం నాకు గొప్పగా ఉండేది, దాని బరువు తెలిసే వయసు కాదు.

తర్వాత పిన్నికి బందరు సంబంధం కుదిరింది. చర్చిలో పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించి అప్పగించేది తండ్రి, లేకపోతే అన్న. నాన్నగారు అప్పగిద్దామంటే ఆయన పిన్నికి బావ, ఆ వరసకి అది తగదన్నారు. మరి ఎవరని పెద్దలు తల పట్టుకుంటే, అన్నగారు ఉండగా ఆలోచనేమిటని పెద్దమామ్మగారే అన్నారు. మావయ్యగారు కాదనలేదు, సూటు కుట్టించుకుని వచ్చారు. ముందు పూలు చల్లుకుంటూ నేను, వెనక వాళ్ళిద్దరూ. ఈమెను ఇచ్చేవారెవరని అయ్యగారు అడిగినప్పుడు, నేనండీ అని ఆయన పైకే చెప్పారు. ఆ మెట్లమీద తీసిన ఫొటోయే ఇది. ఆ వేసవిలోనే ఆయన కొత్తపేట వైపు బదిలీ చేయించుకున్నారు. పిన్ని భర్తని మేం చిన్నాన్నగారనే పిలిచాం. బాబాయి అన్న పిలుపు ఎందుకో ఆయనకి మా ఎవరి నోటా రాలేదు.

ఇదంతా గ్రూపులో రాయలేక, ఆవిడ మా పిన్ని, మీ మావయ్యగారికి చెల్లెలి వరస, అందుకే ఆయన నడిపించారని మాత్రం రాశాను. వెంటనే ఆ ఫొటో పెట్టినావిడే ఫోను చేసింది, ఏ ఇంటివైపు వరసో, పెళ్ళి ఎందుకు ఆగిందో చెప్పాను.

"చెల్లెలు ఎలా అవుతారండీ? మా అమ్మమ్మ, అదే మావయ్య వాళ్ళమ్మ, ఆ ఇంట్లో పుట్టలేదండి. ఆ ఇంటి ఆడపడుచు కూతురండి. పురిట్లో తల్లి పోతే మేనమామ తెచ్చుకుని పెంచేరండి. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. పెళ్ళి ఆగిపోయిందని తెలిసినప్పుడు, అమ్మాయి వాళ్ళే వద్దన్నారనుకుని మా అమ్మ చాలా కష్టపెట్టుకుందండి" అందామె.

నేను లేచి బాల్కనీలోకి వెళ్ళాను, వంటింట్లోకి వెళ్ళాను, మళ్ళీ బాల్కనీలోకి వచ్చాను. పెరిగిందెక్కడని అడిగారు గాని పుట్టిందెక్కడని ఒక్కరూ అడగలేదు. అంటే మాస్టారి తల్లి మా అమ్మమ్మకి మేనత్త కూతురు, వదిన వరస. వాళ్ళ పిల్లలు బావామరదళ్ళు. మా వైపు వెతికి మరీ కళ్ళకద్దుకుని చేసే పెళ్ళి అది. దాన్నే పాపమని ఆపి, ఆ మనిషి చేతే ఆమెని ఇంకొకరికి ఇప్పించాం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పోయిన పెద్దమామ్మగారి మీద ఎంతసేపని కోపం పెట్టుకోను?

పిన్నికి చెప్పనా మాననా అని రెండు రోజులు ఇల్లంతా తిరిగాను. ఇప్పుడెందుకు, మానెయ్యి అన్నారు మావారు. పిన్ని రాజమండ్రిలో ఉంటోంది. చిన్నాన్నగారు మంచి మనిషి, ఆమెని బాగా చూసుకున్నారు, పోయి నాలుగైదేళ్ళవుతోంది. ఆ కాపురం మీద నాకు చిన్న మచ్చ కూడా పడెయ్యాలని లేదు. కాని ఆమె మీద లేని వరస ఒకటి మోపి, దాన్ని ఇన్నేళ్ళు మోయించి, నిజం నా చేతిలో పెట్టుకుని దాచడానికి నేనెవర్ని? మూడో రోజు ఫోను చేసి, ఫొటో దగ్గర్నుంచి మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. మావయ్యగారి భార్య కూడా పోయారనీ, మేనకోడలి దగ్గరే ఉంటున్నారనీ, చెవులు సరిగ్గా వినపడవనీ, ఆయనకి ఈ సంగతి ఇంకా తెలియదనీ చెప్పి ఆగాను. అవతల కుక్కరు కూత తప్ప ఏమీ వినపడలేదు. పిన్నీ అన్నాను. పిన్నీ, ఉన్నావా అన్నాను.

ఇప్పటి పిల్లలకి ఇదంతా చెబితే నవ్వుతారు. మా మనవరాలికి లిఫ్టులో కనపడేవారి నుంచి పాలు పోసేవాళ్ళ వరకూ అందరూ అంకుల్సే, ఎవరు ఎవరి తాలూకో అడిగేవాళ్ళు లేరు. అడిగి ఒకరి బతుకు చెడగొట్టేవాళ్ళూ లేరు కాబట్టి అదే మేలనిపిస్తుంది ఒక పూట. ఇంకో పూట, పిలవని ఒక పిలుపుని జీవితమంతా నోట్లో అట్టే పెట్టుకోగలిగిన మనుషులు ఇక ఉండరు గదా అని దిగులేస్తుంది. ఎందుకంటే ఆ రోజు కుక్కరు కూత ఆగాక పిన్ని ఏమీ జరగనట్టే, ఎప్పటిలాగే నాకే ఒక పని చెప్పింది.

"ఆ అమ్మాయిని అడిగి కనుక్కోవే, ఎదురుగా కూర్చుని మాట్లాడితే మీ బాబాయిగారికి వినపడుతుందేమో."